మోతీ దవడకు గులాబీ రంగు కట్టు

ఆదివారం మధ్యాహ్నం గుంటూరులో ఇంట్లో అన్నం తింటుండగా మా చెల్లెలు శైలజ ఫోన్ చేసింది. కట్టుడు పళ్ళకు వాడే గులాబీ రంగు పొడి, దాన్ని కలిపే ద్రవం నా క్లినిక్‌లో ఎంత ఉన్నాయని అడిగింది. నేను పళ్ళ డాక్టర్ని. తను పశువైద్యురాలు. హైదరాబాద్ పాతబస్తీలో, బహదూర్‌పురాలో చిన్న క్లినిక్ నడుపుతోంది. కావలసినంత ఉందన్నాను. "అయితే అది పట్టుకుని ఇవాళ బస్సెక్కు అక్కా. ఒక పొట్టేలుకి కింది దవడ విరిగింది. నాకు ఎముక కట్టడం వచ్చు, ఆ పొడితో నోట్లో అచ్చు కట్టడం నీకు వచ్చు" అంది. సోమ, మంగళవారాల్లో రావలసిన నా పేషెంట్లకు ఫోన్లు చేసి బుధవారానికి మార్చాను. చాలా ఊళ్ళు తిరిగాను, వాటి గురించి ఈ బ్లాగులో రాశాను కూడా. గొర్రె నోరు చూడడానికి ప్రయాణం కట్టడం మాత్రం ఇదే మొదలు.

పొట్టేలు పేరు మోతీ. లాల్‌దర్వాజాలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, కర్పూరం హోల్‌సేల్‌గా అమ్మే ఒక కుటుంబం పెంచుకుంటున్నది. పాలు మరవకముందే తల్లి చనిపోతే ఆ ఇంటావిడ అనసూయమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. పగలంతా దుకాణం మెట్ల దగ్గరే పడుకుంటుందట. శనివారం సాయంత్రం కొబ్బరికాయల బస్తాలు దించడానికి వచ్చిన ట్రాలీ ఆటో ఇరుకు గల్లీలో వెనక్కి వస్తూ దాని మూతిని గోడకు అదిమింది. ముందు పళ్ళున్న దవడ ముక్క రెండు వైపులా విరిగి, కిందికి వేలాడుతోందని శైలజ చెప్పింది. అప్పటి నుంచి మేత లేదు, నీళ్ళు కూడా సరిగ్గా తాగడం లేదు. నెమరు వేసే జంతువు రెండు మూడు రోజులు పొట్ట మాడ్చుకుంటే దవడ కన్నా ముందు పొట్టే దెబ్బతింటుందట. అందుకే అంత తొందర.

మీలో ఎవరైనా కోస్తా వైపు నుంచి పాతబస్తీకి వెళ్ళాలనుకుంటే, గుంటూరు నుంచి రాత్రి బయలుదేరే ఆర్టీసీ బస్సు ఎక్కి ఎల్.బి.నగర్‌లో దిగిపోండి. తెల్లారేసరికి అక్కడ ఉంటారు. ఊరి నడిబొడ్డున ఉన్న బస్టాండు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావలసిన పని ఉండదు. అక్కడి నుంచి చంపాపేట, సంతోష్‌నగర్, ఉప్పుగూడ మీదుగా శైలజ ఉండే ఛత్రినాక చేరుకోవచ్చు. ఆ వేళకు రోడ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి అరగంట చాలు. నా బ్యాగులో బట్టల కన్నా సామానే ఎక్కువ ఉంది. పొడి డబ్బాలు, ద్రవం సీసాలు, సన్నని స్టీలు తీగ, తీగ మెలిపెట్టే పటకార్లు. ఆ ద్రవం వాసన ఘాటుగా ఉంటుంది, పైగా తేలిగ్గా అంటుకుంటుంది. మూత బిగించి, రెండు కవర్లలో చుట్టి, బస్సులో కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను.

చెల్లెలు పంపిన ఆటో నా కోసం ఎదురుచూస్తూ ఉంది. డ్రైవరు సలీం భాయ్. శైలజ రాత్రీ పగలూ పశువుల ఇళ్ళకు తిరిగేది ఇతని బండిలోనేనట. సీసాలు ఒడిలో పెట్టుకున్నానని చూసి గుంతల దగ్గర బండిని నెమ్మదిగా పోనిచ్చాడు. పొట్టేలు సంగతి అతనికి అప్పటికే తెలుసు. లాల్‌దర్వాజా అంతా అదే మాట నడుస్తోందని, కొందరు కటికె దుకాణానికి ఇచ్చేస్తే పీడా పోతుందని కూడా అన్నారని చెప్పాడు. తర్వాత కాస్త ఆగి, "మీ చెల్లె ఒప్పుకుంటే పని అయినట్టే మేడమ్. నా మేకకి పోయిన బక్రీద్ ముంగట పంటి కింద చీము పడితె గిట్లనే బతికిచ్చింది. ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు. కిరాయి నూట యాభైకి ఒప్పుకున్నాం. దిగేటప్పుడు బ్యాగు తనే మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు.

ఛత్రినాకలో శైలజ ఉండేది మొదటి అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. కింద ఇడ్లీ బండి పెట్టే ఆవిడ, మెట్లు దిగి వచ్చిన శైలజనూ నన్నూ చూడగానే పొట్లం కట్టడం మొదలుపెట్టింది. తింటూనే శైలజ తన ఫోనులో మోతీ ఎక్స్‌రే చూపించింది. మనిషి దవడ ఎక్స్‌రేలు నేను వేలకొద్దీ చూసి ఉంటాను. దీన్ని మాత్రం తల కొంచెం వంచి చూడవలసి వచ్చింది. గొర్రె కింది దవడ పొడవుగా, సన్నగా ఉంటుంది. ముందు పళ్ళకీ వెనక దంతాలకీ మధ్య పళ్ళు లేని ఖాళీ ఎముక చాలా దూరం సాగుతుంది. అక్కడ ఎముక మరీ సన్నం. సరిగ్గా అక్కడే, రెండు పక్కలా విరిగింది. వెనక దంతాలు, దవడ కీలు బాగానే ఉన్నాయి. అంటే నమలడానికి కావలసిన భాగం చెక్కుచెదరలేదు. గడ్డి కొరికే భాగం మాత్రమే వేరుపడింది. ఆశ పెట్టుకోవడానికి అది చాలునని శైలజ అంది.

ఛత్రినాక నుంచి బహదూర్‌పురాకు లాల్‌దర్వాజా, శాలిబండ మీదుగా వెళ్ళాం. ఈ దారిలో వెళ్ళదలచినవారు దుకాణాలు తెరవకముందే దాటేయాలి. ఆ తర్వాత అడుగు కదలదు. సోమవారం జూపార్కుకు సెలవు కాబట్టి బహదూర్‌పురా దగ్గర కూడా రద్దీ లేదు. క్లినిక్ అంటే ఒక షట్టర్ గది, వెనక సిమెంటు నేల ఉన్న చిన్న పెరడు, ఆ పెరట్లో రేకుల కప్పు. పెరటి గోడకు శైలజ పేరు, డిగ్రీ రాసిన బోర్డు తెలుగులో, ఉర్దూలో ఉంది. ఉర్దూ అక్షరాలు చదవడం నాకు రాదు. అయినా అక్కడ నిలబడి కాసేపు వాటినే చూశాను.

మేము వెళ్ళేసరికే శంషాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి గడపలో కూర్చుని ఉన్నాడు. అతని గొర్రెకు దవడ కింద పెద్ద వాపు. విరిగిన దవడకు ఇక్కడ ఆపరేషన్ చేస్తారని ఎవరో చెబితే, దీనిదీ దవడ జబ్బేనని ఆటోలో తీసుకొచ్చాడు. శైలజ దాని నోరు తెరవకుండానే రెండు చేతులతో బయటి నుంచి ఎముక పొడవునా తడిమింది. తర్వాత వాపు మీద బొటనవేలితో నొక్కి వదిలింది. సొట్ట అలాగే ఉండిపోయింది. కింది కనురెప్ప లాగి నాకు చూపించింది. లోపల ఎర్రదనమే లేదు, కాగితంలా తెల్లగా ఉంది. వాపు గట్టిగా ఎముకకు అంటుకుని ఉంటే దవడ జబ్బని, ఇలా మెత్తగా నీరు నిండినట్టు ఉంటే పొట్టలో పురుగులు రక్తం తాగేస్తున్నాయని, మందు తాగిస్తే తగ్గుతుందని అతనికి వివరించింది. మందలో మిగతావాటి కనురెప్పలు కూడా చూసుకొమ్మంది. అతను ఇంటికి ఫోన్ చేసి అదే మాట ఇంకొకరికి చెబుతూ వెళ్ళిపోయాడు. ఇదంతా ఒక టీ తాగేలోపు జరిగింది. నేను టీ గ్లాసు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

పది గంటలకు ట్రాలీ ఆటోలో మోతీ వచ్చింది. తెల్లటి ఒళ్ళు, చెవుల దగ్గర గోధుమరంగు, మెలి తిరిగిన కొమ్ములు. మెడలో గంట. మూతి కింద పాత చీర ముక్కతో కట్టు కట్టి ఉంది, అది తడిసి ముద్దయింది. అనసూయమ్మ ట్రాలీలో దాని పక్కనే గోనెసంచి మీద కూర్చుని వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఆమె భర్త నర్సింగ్ గారు స్కూటర్ మీద వెనకే వచ్చారు. ఆయన ముఖం చూస్తే రెండు రాత్రులుగా నిద్ర లేనట్టుంది. ఆ ట్రాలీకి దారి చూపుతూ వెనక్కి రమ్మన్నది ఆయనేనని, అప్పటి నుంచి అన్నం సరిగ్గా తినడం లేదని అనసూయమ్మే మాకు చెప్పింది. ఆయన్ని తప్పు పట్టే గొంతుతో చెప్పలేదు.

శైలజ కట్టు విప్పింది. నేను గ్లవ్స్ వేసుకుని దగ్గరికి వెళ్ళాను. గొర్రెకు పైదవడలో ముందు పళ్ళు ఉండవని చదివాను కానీ వేలితో తాకి చూడడం అదే మొదలు. అక్కడ తోలులాంటి గట్టి చిగురు ఉంటుంది. కింది ఎనిమిది పళ్ళు గడ్డిని ఆ చిగురుకు అదిమి తెంపుతాయి. మోతీకి మధ్యలో నాలుగు పెద్ద పళ్ళు వచ్చాయి, పక్కన నాలుగు ఇంకా పాలపళ్ళే. దీన్నే బజారులో నాలుగు పళ్ళ పొట్టేలు అంటారు. రెండేళ్ళు దాటిన వయసన్నమాట. నేను ఒక పెద్ద పన్ను పట్టుకుని కదిపితే కొద్దిగా కదిలింది. ఇది కూడా వదులైపోయింది, దీనికి తీగ కట్టలేమని అన్నాను. గొర్రె ముందు పళ్ళు పుట్టుకతోనే కాస్త కదులుతాయని, గట్టి చిగురుకు ఊరికే కొట్టుకున్నా దెబ్బ తగలకుండా అలా ఉంటాయని శైలజ చెప్పింది. నా నోట్లో అలా కదిలే పన్ను ఉంటే ఎప్పుడో పీకేసేదాన్ని. ఇక్కడ అది ఆరోగ్యం.

ఎముక తెల్లగానే ఉంది, చిగురులో రక్తం ఆడుతోంది, చీము పట్టలేదు. శైలజ వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎముకకు సన్నని రంధ్రాలు వేసి తీగతో రెండు ముక్కలనూ కలుపుతుంది. దాని మీద నేను గట్టి అచ్చు పోస్తాను. ఆరు వారాలు అది నిలవాలి. గొర్రెలకు మత్తు ఇవ్వడంలో ప్రమాదం ఉంది. పొట్టలోని గాలి బయటికి పోక ఊపిరి ఆడకపోవచ్చు, పొట్టలోది గొంతులోకి వచ్చి పొరబోవచ్చు. నర్సింగ్ గారు, ఇంత హింస పెట్టడం కన్నా వదిలేయడమే మేలేమోనని మెల్లగా అన్నారు. ఆయనకు బాధ చూడడం కష్టంగా ఉంది, అంతే. అనసూయమ్మ పొట్టేలు చెవి నిమురుతూ, "వాడు నన్ను జూసి ఇంక లేసి నిలవడుతుండు డాక్టరమ్మా. వాడే పట్టు ఇడువలే, నేనెట్ల ఇడుస్త? మీరు జెయ్యుండ్రి" అంది. శైలజ చేతులు కడుక్కోవడానికి లేచింది.

మత్తు చాలా కొద్దిగా ఇచ్చింది. పొట్టేలును పక్కకు పడుకోబెట్టకుండా రొమ్ము మీద కూర్చున్నట్టే ఉంచి, అటూ ఇటూ గోనెసంచులు దన్ను పెట్టింది. లాలాజలం లోపలికి పోకుండా తల కిందికి వంచింది. తర్వాత దవడ నరానికి తిమ్మిరి సూది ఇచ్చింది. నేను రోజూ ఇచ్చే సూదే అది. కానీ ఆ పొడవాటి దవడలో నరం ఎక్కడ బయటికి వస్తుందో తను వేలికొనతో వెతికి పట్టుకున్న తీరు చూడాలి. తర్వాత ఎముకకు రంధ్రాలు వేసింది. నేను తీగలు అందించాను, తను దూర్చింది, ఇద్దరం కలిసి మెలిపెట్టాం. వేలాడుతున్న ముక్క లేచి తన చోట కూర్చుంది. ఎనిమిది పళ్ళూ ఒక వరుసలోకి వచ్చాయి. కింది పెదవి మూసి చూస్తే అది మళ్ళీ గొర్రె ముఖంలా కనబడింది. అప్పటికి అరగంట పట్టి ఉంటుంది.

ఇక నా వంతు. పెరటి చివర గాలి తగిలే చోట పొడి, ద్రవం కలిపి తెచ్చి, మనుషుల నోట్లో పోసినట్టే తీగల మీద పోశాను. మా చెల్లెలు నోరు తుడుస్తూనే ఉంది, కానీ గొర్రె నోట్లో ఊరే లాలాజలం మన లెక్కకు అందదు. గట్టిపడిందని చెయ్యి తీసేసరికి అచ్చు మొత్తం ఒక్క ముక్కగా ఊడి నా అరచేతిలోకి వచ్చింది. తడి మీద అది పట్టలేదు, నున్నటి తీగ దాన్ని పట్టుకోలేదు. సరిగ్గా ఆ సమయానికే శైలజ పొట్టేలు ఎడమ డొక్క మీద చెయ్యి వేసి ఆగిపోయింది. డొక్క ఉబ్బుతోంది. వేళ్ళతో తట్టితే ఢమరుకంలా మోగింది. మత్తులో ఉన్న జంతువు తేన్చలేదు. తను నా వైపు చూడకుండానే పొట్టలోకి వేసే గొట్టం అందుకుంది. విరిగిన దవడ కదలకుండా నన్ను పట్టుకోమని, నాలుక పక్కనుంచి గొట్టాన్ని నెమ్మదిగా లోపలికి దించింది. గాలి బుస్సుమని బయటికి వచ్చింది. పుల్లటి వాసన పెరడంతా నిండింది. డొక్క దిగింది. నర్సింగ్ గారు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

మోతీ అప్పుడే కళ్ళు తెరవసాగింది. నా చేతిలో ఊడిన అచ్చు ఉంది. అది లేకుండా తీగలు ఒక్క రోజు కూడా నిలవవు, మొదటిసారి గట్టిగా దేన్నైనా ముట్టుకోగానే ఎముకను కోసుకుని బయటికి వచ్చేస్తాయి. మళ్ళీ మత్తు ఇస్తావా అని అడిగాను.

"ఇవ్వను అక్కా. ఇంకో సూది ఇస్తే ఈ పొట్టను నేను ఆపలేను. తిమ్మిరి ఇంకా ఉంది, కాబట్టి దవడ దగ్గర నొప్పి తెలియదు. అది కదలకుండా ఉంటే చాలు. నీకు ఎంతసేపు కావాలి?"

కలిపిన ముద్ద గట్టిపడేదాకా పది నిమిషాలు కావాలన్నాను. తను అనసూయమ్మను పిలిచింది. పొట్టేలు తలను ఒళ్ళోకి తీసుకుని, కొమ్ములు పట్టుకుని, అది భయపడకుండా చూడగలరా అని అడిగింది. ఆవిడ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్యకు తోసి, సిమెంటు నేల మీద కూర్చుంది. "సీసతోని పాలు తాపినప్పుడు గిట్లనే పట్టుకున్న. కదలడు" అంది.

ఈసారి నేను తీగల కొసలను కత్తిరించకుండా చిన్న చిన్న ఉంగరాల్లా వంచాను, ముద్ద వాటిలోకి దూరి పట్టుకునేలా. శైలజ పొట్టేలు నాలుక కింద, బుగ్గల లోపల దూది మెత్తలు కుక్కి, ఎప్పటికప్పుడు మార్చింది. ఎముక పైన ఉన్న చోటును గాలి ఊది ఆరబెట్టింది. నేను పొడిని పల్చగా కలపకుండా, చపాతీ పిండిలా అయ్యేదాకా ఆగి, అప్పుడు తెచ్చి ఒత్తాను. ఈ పదార్థం గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. చిగురు కాలకుండా నేను సిరంజితో చల్లటి నీళ్ళు చుక్క చుక్కగా వదులుతుంటే, ఆ నీళ్ళు గొంతులోకి పోకుండా శైలజ రెండో సిరంజితో పీల్చింది. మేమిద్దరం చిన్నప్పుడు ఒకే బల్ల మీద చదువుకున్నాం, ఒకే గదిలో పెరిగాం. ఒకే నోట్లో నాలుగు చేతులు పెట్టి పని చేయడం మాత్రం ఆ రోజే. ఎవరి చెయ్యి ఎక్కడ ఉండాలో ఇద్దరిలో ఎవరమూ చెప్పుకోలేదు.

అనసూయమ్మ పొట్టేలు చెవిలో మాట్లాడుతూనే ఉంది. దుకాణానికి ఎవరెవరు వచ్చి అడిగారో, పక్కింటివాళ్ళు ఏ ఆకు దాచి ఉంచారో, ఇంటికి పోయాక ఎక్కడ పడుకోవాలో, అన్నీ మామూలు గొంతుతో చెప్పుకుపోయింది. మోతీ కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. ఒక్కసారి కాలు విదిలించింది. నర్సింగ్ గారు గోడ దగ్గర నుంచి వచ్చి, ఎవరూ అడగకుండానే ఆ కాలు పట్టుకుని కూర్చున్నారు. నేను గోరుతో తట్టి చూశాను. అచ్చు రాయిలా పలికింది. రెండు చేతులా లాగి చూశాను, రాలేదు. శైలజ కూడా లాగి చూసి, నా ముఖంలోకి చూసి తల ఊపింది. గరుకు అంచులు నున్నగా అరగదీసి, దూది మెత్తలన్నీ లెక్కపెట్టి బయటికి తీశాం. కింది పెదవి వెనక గులాబీ రంగు కట్టు మెరుస్తోంది. నేను ఎందరికో కట్టుడు పళ్ళు చేశాను. ఇంత అందంగా ఏదీ కనబడలేదు.

మధ్యాహ్నం వీధి చివర చిన్న హోటల్లో తిన్నాం. ఆ హోటల్ తలకాయ కూరకు పేరు. వడ్డించే ఆయన దాన్నే తెస్తానన్నాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని ఖట్టీ దాల్ అనే పుల్లటి పప్పు, అన్నం చాలన్నాం. మాంసం తినేవారు అక్కడ ధైర్యంగా తినవచ్చు, ఇద్దరికి మూడు వందల లోపే అవుతుంది. తింటూ శైలజ ఒక మాట చెప్పింది. ఇక్కడ క్లినిక్ పెట్టిన కొత్తలో, గొర్రె పళ్ళు పాడైతే అమ్మేయడమే కానీ వైద్యం ఏమిటని అందరూ నవ్వేవారట. లోపలి దంతాలు సూదుల్లా అరిగి బుగ్గలు కోసుకుంటున్నాయని, అందుకే గొర్రె నమిలిన గడ్డిని ఉండలుగా పడేస్తోందని, అరగదీస్తే మళ్ళీ తింటుందని ఒక్కొక్కరికీ చూపించి ఒప్పించడానికి చాలా కాలం పట్టిందట. ఇప్పుడు వాళ్ళే పక్కవాళ్ళను వెంటబెట్టుకుని వస్తున్నారు. తను ఇదేమీ గొప్పగా చెప్పలేదు, దాల్‌లో నిమ్మకాయ పిండుకుంటూ చెప్పింది. గొప్పగా వినడం నా పని కదా, నేను అలాగే విన్నాను.

సాయంత్రం మాత్రం మనసు కుదుటపడలేదు. మోతీ లేచి నిలబడింది, నడిచింది, కానీ పల్చటి జావ ముందు పెడితే మూతి తిప్పుకుంది. శైలజ సెలైన్ ఎక్కించి, నొప్పికి, చీము పట్టకుండా ఉండడానికి సూదులు ఇచ్చి ఇంటికి పంపింది. అలవాటైన చోట అయితే తినవచ్చని అంది.  దవడ నిలబడినా పొట్ట పనిచేయడం మొదలుపెట్టకపోతే చేసిందంతా వృథా. నెమరు వేస్తేనే బతికినట్టు అని ఛత్రినాకకు తిరిగి వెళ్ళేటప్పుడు ఆటోలో శైలజ అంది.

తెల్లవారాక టీ కూడా తాగకుండా లాల్‌దర్వాజా వెళ్ళాం. ఆ గల్లీలో అప్పుడప్పుడే షట్టర్లు లేస్తున్నాయి. దుకాణం మెట్ల దగ్గర ఏడెనిమిది మంది గుమిగూడి ఉన్నారు. అది చూసి నేను వెనకబడ్డాను. శైలజ మాత్రం ఆగకుండా వాళ్ళను తప్పించుకుని లోపలికి వెళ్ళింది. మోతీ మెట్ల పక్కన కాళ్ళు మడుచుకుని పడుకుని ఉంది. పక్కన సత్తు గిన్నె ఖాళీగా ఉంది. కళ్ళు సగం మూసుకుని, దవడను ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు తిప్పుతోంది. ఆగింది. గొంతులో ఒక ఉండ పైకి రావడం బయటికే కనబడింది. మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. పెదవి కదిలినప్పుడల్లా గులాబీ రంగు కనబడుతోంది.

శైలజ దాని ఎదురుగా గొంతుకూర్చుంది. ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనించి, లోపలి కదలికను నాకూ చూపించడానికి నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. కొంతసేపటికి లోపల ఏదో పెద్ద అలలా దొర్లింది. "పని చేస్తోంది అక్కా" అంది.  అనసూయమ్మ కొట్టులోంచి వచ్చి మా ఇద్దరి నుదుటా కుంకుమ పెట్టింది. కొబ్బరికాయలకు వచ్చిన ఒక బేరగాడు, మేము ఏ ఊరినుంచి వచ్చామో అడిగాడు. నర్సింగ్ గారు తక్కెడ పక్కన పెట్టి మరీ బయటికి వచ్చి జవాబు చెప్పారు. "ఈమె మన డాక్టరమ్మ. బహదూర్‌పుర. గీ దవడ కట్టింది ఈమెనే. ఆమె వాళ్ళ అక్క, గుంటూరు నుంచి వచ్చింది" అన్నారు. నేను చదివిన చదువు, నా క్లినిక్, ఇన్నేళ్ళ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. వాళ్ళ డాక్టరమ్మకు అక్కను, అంతే. ఆ పిలుపు ఎంతో నచ్చింది. ఆ రోజంతా నా నడకలో కూడా కొంచెం తేడా వచ్చిందేమో.

ఆరు వారాలు మోతీ గడ్డి కొరకకూడదు. చెట్టు బెరడు, తాడు, గోడ, దేన్నీ పళ్ళతో లాగకూడదు. నానబెట్టిన తవుడు, సన్నగా తరిగిన లేత పచ్చిమేత, జావ మాత్రమే. తిన్నాక ఉప్పునీళ్ళతో నోరు కడగాలి. ఆ పని నర్సింగ్ గారు తన మీద వేసుకున్నారు. ఈ టపా రాసేటప్పటికి ఆ గడువు పూర్తయింది. శైలజ తీగలు కత్తిరించి అచ్చు తీసేసింది. ఎముక అతుక్కుంది, వరుస కుదిరింది. పక్కన ఉన్న ఒక పాలపన్ను ఊడి, దాని చోట పెద్ద పన్ను తల ఎత్తుతోందట. మోతీ మొదటిసారి తోటకూర కట్టను అనసూయమ్మ చేతిలోంచి తెంపుకున్న వీడియో శైలజ నాకు పంపింది. నా దగ్గరికి వచ్చే పేషెంట్లకు అడిగినా అడగకపోయినా చూపిస్తున్నాను.

ప్రయాణాలు మనకు కొత్త ఊళ్ళు చూపిస్తాయి. ఈ ప్రయాణం నాకు తెలిసిన మనిషినే తన ఊళ్ళో చూపించింది. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు శైలజ నాకు చెల్లెలు. ఆ పెరట్లో, ఉబ్బుతున్న డొక్క మీద చెయ్యి వేసి, ఇంకో సూది ఇవ్వనని తేల్చి చెప్పినప్పుడు తను పూర్తిగా ఇంకొకరు. జంతువు మాట్లాడదు, నొప్పి ఎక్కడో చెప్పదు, దాని యజమాని భయం దానికీ అంటుకుంటుంది. ఇవన్నీ ఒకేసారి గమనించుకుంటూ తను తొణకకుండా పనిచేయడం నేను కళ్ళారా చూశాను. మా వృత్తులు పక్కపక్కనే నడుస్తున్నా ఒకరి పని ఒకరం దగ్గర నుంచి చూడడానికి ఇన్నేళ్ళు పట్టింది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఎక్కడో ఏదో పని చేస్తూ ఉంటారు. సెలవు పెట్టి ఒక రోజు వాళ్ళ పక్కన నిలబడి చూడండి. మ్యూజియం కన్నా ఎక్కువే చూస్తారు.

చివరగా పనికొచ్చే మాట ఒకటి. మీ గొర్రె గానీ మేక గానీ తినడం మానేసి చొంగ కారుస్తుంటే, వేళ్ళు నోట్లో పెట్టి తెరవకండి. వెనక దంతాలు బ్లేడుల్లా ఉంటాయి, వేలు తెగుతుంది. బుగ్గల మీద, దవడ పొడవునా బయటి నుంచే రెండు చేతులతో ఒకేసారి తడిమి, ఒక వైపుకీ ఇంకో వైపుకీ తేడా ఉందేమో చూడండి. తేడా తగిలితే, దాని నోట్లో ఏదీ బలవంతంగా పోయకుండా, ఆ రోజే డాక్టరు దగ్గరికి బయలుదేరండి.